వీడియో పైగదిలో, చూసేది హాల్లో: ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాంట్లో ఆగకుండా ఆడాలంటే ఇంటి నెట్‌వర్క్ ఎలా పెట్టుకోవాలి

"మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్ అండీ, అయినా పైన ల్యాప్‌టాప్‌లో ఉన్న పెళ్లి వీడియో కింద హాల్లో కంప్యూటర్‌లో పెడితే రెండు నిమిషాలకోసారి గుండ్రంగా తిరుగుతోంది, 500 ప్లాన్‌కి మారమంటారా?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, అందుకే ఒకేచోట రాసి పెట్టేస్తున్నా.

మారకండి. ఆ వీడియోకీ మీ ఇంటర్నెట్ ప్లాన్‌కీ సంబంధం లేదు. పైగది ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి హాల్ కంప్యూటర్‌కి, అంతే దాని ప్రయాణం, మీ గేటు కూడా దాటదు. నమ్మకం లేకపోతే రౌటర్‌కి వచ్చే ఫైబర్ కనెక్షన్ కట్ అయిన రోజు ట్రై చేయండి, కరెంటు ఉండి రౌటర్ వెలుగుతుంటే చాలు, ఇంట్లో వీడియో ఎప్పట్లాగే ఆడుతుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సింది ప్లాన్ మీద కాదు, ఆ రెండు గదుల మధ్య దారి మీద.

ఇంకొకటి ముందే చెప్పేస్తా, మిగతాదంతా చదవకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి: ఫైల్స్ ఉన్న కంప్యూటర్‌కి వైరు పడాలి. చూసే కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దాం. రెండూ వై-ఫైలో ఉంటే ఒకే వీడియో గాల్లో రెండుసార్లు వెళ్లాలి, ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి హాల్‌కి ఇంకోసారి, ఒకళ్లు మాట్లాడుతుంటే ఇంకొకళ్లు ఆగాలి, అంటే ఉన్న స్పీడు సగానికి పడిపోయినట్టే. ఒకవైపు వైరేస్తే ఆ సగం వెనక్కొస్తుంది.

కావలసినవి

- ఇప్పుడు ఇంట్లో ఉన్న రౌటర్, దాని అడ్మిన్ పాస్‌వర్డ్. చాలావాటికి వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, లేకపోతే కనెక్షన్ ఇచ్చినాయన్ని అడగండి
- క్యాట్6 కేబుల్ (నెట్‌వర్క్ వైరు), కొలిచిన దానికన్నా రెండు మూడు మీటర్లు ఎక్కువ
- ల్యాప్‌టాప్‌కి నెట్‌వర్క్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ 3.0 గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) అడాప్టర్. 2.0 ది తక్కువకొస్తుంది కానీ వద్దు
- ఒకే పెద్ద ఫైల్, 5 జీబీ అయినా ఉండాలి, టెస్ట్ చేయడానికి
- ఒక ఆదివారం

కొత్త రౌటర్ ఈ లిస్టులో లేదు, గమనించండి. నేను ముందు అదే కొన్నా, మా మేనత్త గారింట్లో, ఆరువేలు పోసి. తేడా ఏమీ రాలేదు. తర్వాత చూస్తే ల్యాప్‌టాప్ కూర్చుని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంది (వై-ఫైకి మామూలుగా రెండు దారులు, నెమ్మదైన 2.4, వేగమైన 5), పాత రౌటర్‌తో కూడా ఒక క్లిక్కుతో పోయే రోగం.

1. అసలు తప్పు నెట్‌వర్క్‌దేనా చూడండి

ఆ వీడియోని చూసే కంప్యూటర్‌లోకే కాపీ చేసి, అక్కడి నుంచే ఆడించండి. అప్పుడు కూడా ఆగి ఆగి ఆడుతుంటే నెట్‌వర్క్‌ని తిట్టుకుని లాభం లేదు, ఆ కంప్యూటర్‌కే ఆ 4కె ఫైల్‌ని విప్పి చూపించే ఓపిక లేదు. పదేళ్ల నాటి డెస్క్‌టాప్‌లలో హెచ్.265 అనే కొత్త పద్ధతిలో కుదించిన వీడియోలకి ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు వైరు లాగినా, రౌటర్ మార్చినా అంతే. వీడియో తీసినాయన్ని 1080పి కాపీ ఒకటి ఇవ్వమనండి, లేదా హ్యాండ్‌బ్రేక్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో మీరే మార్చుకోండి, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి అవుతుంది.

2. ఎంత స్పీడు కావాలో లెక్కేసుకోండి

ఫైల్ సైజు జీబీల్లో తీసుకుని, 8000తో గుణించి, వీడియో నిడివిని సెకన్లలో పెట్టి భాగించండి. వచ్చేది ఎంబీపీఎస్.

ఉదాహరణకి పెళ్లి వీడియో 64 జీబీ, మూడు గంటలు అనుకోండి. మూడు గంటలంటే 10800 సెకన్లు. 64 ఇంటూ 8000 బై 10800, సుమారు 47. ఇది సగటు మాత్రమే. తలంబ్రాలప్పుడూ, బరాత్‌లో లైట్లు, పటాసులు, డ్యాన్సులప్పుడూ తెర మొత్తం కదులుతుంది కాబట్టి దానికి రెట్టింపు కూడా అడగొచ్చు, మీకు కూడా వీడియో సరిగ్గా తలంబ్రాల దగ్గరే ఆగిపోతుంటే కారణం అదే. కాబట్టి వచ్చిన నంబర్‌ని రెండుతో గుణించి, అంత నిలకడగా వచ్చేలా చూసుకోండి. ఇక్కడ 100 దగ్గర కావాలన్నమాట.

అదే రెండున్నర గంటల సినిమా 8 జీబీ అయితే 7 ఎంబీపీఎస్ మాత్రమే, రెట్టింపు చేసినా 14, దీనికి మామూలు వై-ఫై చాలు. బ్లూ-రే డిస్కు ఉన్నదున్నట్టు దింపుకున్నా మొత్తం కలిపి 48 దాటదు, 4కె బ్లూ-రే మాత్రం 128 దాకా పోతుంది. మీ దగ్గర ఏముందో దాన్ని బట్టి ఖర్చు, పక్కింటాయన పెట్టించిన దాన్ని బట్టి కాదు.

3. ఇప్పుడు ఎంతొస్తుందో కొలవండి

ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ సైట్‌లు దీనికి పనికిరావు, అవి బయటి దారిని కొలుస్తాయి. మీరు చేయాల్సింది, ఆ 5 జీబీ ఫైల్‌ని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కాపీ పెట్టి (షేరింగ్ ఇంకా పెట్టుకోకపోతే 8వ స్టెప్ ముందు చేసి రండి), కాపీ విండోలో మోర్ డీటెయిల్స్ నొక్కి, స్పీడు చూడటం. మొదటి అరనిమిషం వచ్చే నంబర్ నమ్మకండి, విండోస్ ముందు మెమరీలోకి గబగబా లాక్కుంటుంది కాబట్టి గొప్పగా చూపిస్తుంది, తర్వాత నిలబడిన నంబరే నిజం. వంద చిన్న చిన్న ఫోటోలతో ఈ టెస్ట్ చేయకండి, చిన్న ఫైల్స్ ఎప్పుడూ నెమ్మదే.

అందరూ పడే గోతి ఇక్కడుంది. కాపీ విండో చూపించేది మెగాబైట్లు, మనం పైన లెక్కేసింది మెగాబిట్లు. చూపించిన దాన్ని 8తో గుణించండి. 11 అని చూపిస్తే 88 అన్నమాట. "నాకు 11 మాత్రమే వస్తోంది, కావాల్సింది 47" అని కంగారుపడి నెట్‌వర్క్ స్విచ్చు (పోర్టులు పెంచే డబ్బా) కొనేసినవాళ్లు ఉన్నారు.

కాపీ విండోలో కనిపించే నంబర్లు, 8తో గుణించకముందు, ఇలా చదవండి:

- 110 దగ్గర: గిగాబిట్ వైరు పూర్తిగా పనిచేస్తోంది, ముట్టుకోకండి
- కచ్చితంగా 11 దగ్గర గీత గీసినట్టు నిలబడితే: ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింక్ ఉంది, లేదా వైర్‌లో ఒక జత తెగింది, 5వ స్టెప్ చూడండి
- 3, 5, 2, 6 అని ఎగిరిపడుతుంటే: వై-ఫై గొడవ
- 30 నుంచి 40 మధ్య నిలకడగా ఉంటే: హార్డ్‌డిస్క్‌ని యూఎస్‌బీ 2.0 పోర్ట్‌కి పెట్టారేమో చూడండి, వీడియోకి ఇది చాలు, ఊరికే మార్చక్కర్లేదు

ఇంకా పక్కాగా కావాలంటే ఐపెర్ఫ్3 అనే చిన్న ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, హార్డ్‌డిస్క్‌ని పక్కనపెట్టి ఉత్త నెట్‌వర్క్‌నే కొలుస్తుంది. ఒక కంప్యూటర్‌లో దాని పేరు పక్కన హైఫన్ ఎస్ కొట్టి వదిలేయండి, రెండోదాంట్లో హైఫన్ సి కొట్టి మొదటిదాని ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబర్) ఇవ్వండి. చివర్లో హైఫన్ పెద్ద ఆర్ పెడితే ఎదురు దిశలో కొలుస్తుంది, రెండువైపులా చూడండి, వై-ఫైలో రెండూ ఒకలా ఉండవు.

4. ఇల్లు చూసి దారి ఎంచుకోండి

అపార్ట్‌మెంట్, రెండు బెడ్‌రూమ్‌లు, అన్నీ ఒకే ఫ్లోర్: ఫైల్స్ ఉన్న కంప్యూటర్‌ని రౌటర్ పక్కకి జరిపి చిన్న వైరుతో కలిపేయండి. అంతే. చూసేది 5 గిగాహెర్ట్జ్ వై-ఫైలో ఉండనివ్వండి. సగం మందికి ఇక్కడితో అయిపోతుంది, రూపాయి ఖర్చు లేదు.

డూప్లెక్స్, లేదా కింద పైన పోర్షన్లు ఉన్న సొంతిల్లు: మధ్యలో శ్లాబ్ ఉంది, అందులో ఇనుము ఉంది, 5 గిగాహెర్ట్జ్ దాన్ని దాటి వచ్చేసరికి ప్రాణం పోతుంది. ఇక్కడ ఒక్క వైరు పైకి లాగక తప్పదు, అక్కడ రెండో రౌటర్ పెట్టాలి. ఎంత గొప్ప రౌటర్ కొన్నా శ్లాబ్ శ్లాబే.

వైరు అసలు కుదరదు, అద్దె ఇల్లు, ఓనర్ గోడకి మేకు కూడా కొట్టనివ్వడు: మెష్ వై-ఫై, అంటే రెండు మూడు డబ్బాలు కలిసి ఒకే వై-ఫైని ఇల్లంతా పంచేది. రెండు డబ్బాల మధ్య కూడా గాల్లోనే మాట్లాడుకుంటాయి కాబట్టి డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండే ఉన్న) మెష్‌లో రెండో డబ్బా దగ్గర స్పీడు సగం దాకా తగ్గుతుంది, అది తెలిసి కొనండి. రెండో డబ్బాని సిగ్నల్ లేని గదిలో పెట్టకండి, అందరూ చేసే తప్పు ఇదే, సిగ్నల్ ఇంకా బాగున్న చోట, సగం దారిలో పెట్టాలి. దానికే సిగ్నల్ లేకపోతే మీకేమిస్తుంది?

కరెంటు వైర్లలోంచి నెట్‌వర్క్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు ఆఖరి మాట. డబ్బా మీద 1000 అని ఉంటుంది, అందులో చిన్న భాగమే చేతికొస్తుంది. పైగా మన ఇళ్లలో త్రీ ఫేజ్ ఉంటే ఒక గది ఒక ఫేజ్ మీద, ఇంకో గది ఇంకో ఫేజ్ మీద ఉంటాయి, మధ్యలో ఇన్వర్టర్ లైను వేరే. రెండు అడాప్టర్లూ ఒకే ఫేజ్ మీద, నేరుగా గోడ సాకెట్‌లో ఉంటేనే ఆశ. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెడితే అది సిగ్నల్‌ని మింగేస్తుంది. వెనక్కి తీసుకునే షాపులో అయితేనే కొనండి.

5. వైరు లాగడం

పాత కేబుల్ టీవీ వైరు వెళ్లిన కన్సీల్డ్ పైపు ఉంటే అదృష్టవంతులు. ఆ పాత వైరు చివరకే కొత్త క్యాట్6ని టేపుతో గట్టిగా చుట్టి, అవతలి వైపు నుంచి లాగండి, ఒకళ్లు నెడుతూ ఒకళ్లు లాగాలి. పైపు లేకపోతే గోడ అంచున కేసింగ్ పట్టీ వేయించండి, తలుపు చట్రం పక్కనుంచి తీసుకెళ్తే కంటికి అంతగా కనిపించదు.

జాగ్రత్త: కరెంటు వైర్లున్న పైపులోంచి నెట్‌వర్క్ కేబుల్ లాగకండి, ఎలక్ట్రీషియన్ "ఏం కాదు సార్" అన్నా సరే. ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే 230 వోల్టులు మీ ల్యాప్‌టాప్‌లోకి, మీ చేతిలోకి వస్తాయి. డాబా మీదుగా తీయాల్సి వస్తే అవుట్‌డోర్ కేబులే వాడండి, మామూలుది మన ఎండకి పెళుసెక్కి చిట్లుతుంది. కోతులు తిరిగే ఊళ్లో ఉంటే పైపులో వేయండి, అది వేరే చెప్పక్కర్లేదు. ఇంటికీ ఎదురింటికీ మధ్య రాగి వైరు వేలాడదీయకండి, పిడుగు దగ్గర్లో పడితే రెండిళ్లలోనూ సామాన్లు పోతాయి.

కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిదే అడగండి. చవకవాటిలో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. బ్లేడుతో ఒక తీగని గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే వద్దు, వంపుల్లో విరుగుతుంది. గిగాబిట్‌కి క్యాట్5ఇ కూడా 100 మీటర్ల దాకా చాలు, కాబట్టి ఇంట్లో పాతది ఉంటే పీకేయకండి.

చివర్లకి జాక్ బిగించేది (క్రింప్ చేసేది) మీరైతే, జాక్‌ని క్లిప్పు కింద వైపు ఉండేలా, వైర్లు మీ వైపు నుంచి లోపలికి దూరేలా పట్టుకుని ఎడమ నుంచి కుడికి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. రెండు చివరలా ఇదే వరస. ఎనిమిదీ పట్టాలి. నాలుగే పట్టించి "నెట్ వస్తోంది కదా" అని వెళ్లిపోయేవాళ్లున్నారు, నెట్ వస్తుంది నిజమే, కానీ 100 దగ్గరే ఆగుతుంది, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి.

వైరు కలిపాక వెంటనే చెక్ చేయండి: విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్, అక్కడ లింక్ స్పీడ్ 1000 అని ఉండాలి. 100 ఉంటే ముందు రౌటర్‌లో వేరే పోర్ట్‌కి మార్చండి, కనెక్షన్‌తో ఇచ్చే కొన్ని రౌటర్లలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100వి. అయినా మారకపోతే వేరే కేబుల్ పెట్టి చూడండి. అప్పటికీ 100 అంటే కంప్యూటర్ పోర్టో, రౌటరో 100 దగ్గరే ఆగే పాతది. పోర్టులు చాలకపోతే ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి చాలు, దానికి సెట్టింగ్స్ ఏమీ ఉండవు, పెట్టి వదిలేయడమే.

టీవీకి కూడా వైరు పెడదామనుకునేవాళ్లకి ఒక మాట. చాలా స్మార్ట్ టీవీల నెట్‌వర్క్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే, అదే టీవీ 5 గిగాహెర్ట్జ్ వై-ఫైలో అంతకన్నా ఎక్కువ లాగొచ్చు. నిలకడ కావాలంటే వైరు, బాగా పెద్ద ఫైల్స్ అయితే రెండూ పెట్టి చూసి ఉంచుకోండి.

6. రెండో రౌటర్ పెట్టేవాళ్లు ఇది తప్పకుండా చేయండి

ఎక్కువ ఫోన్లు దీని గురించే. పైన పాత రౌటర్ పెట్టారు, వైరు తెచ్చి దాని వ్యాన్ పోర్ట్‌లో (బయటి ఇంటర్నెట్ వైరు పెట్టే పోర్ట్) గుచ్చారు, నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, కానీ కింద కంప్యూటర్ నుంచి పై కంప్యూటర్ కనబడదు. ఎందుకంటే ఆ రెండో రౌటర్ వెనక ఇంకో ఇల్లు కట్టినట్టు వేరే నెట్‌వర్క్ తయారైంది.

దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ కట్టకుండా ఉన్నదాన్నే పంచేది) ఉంటే పెట్టేయండి, పని అయిపోయింది. లేకపోతే చేత్తో చేయాలి: ముందు దాని అడ్రస్ మార్చండి, మెయిన్ రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, తర్వాత దీంట్లో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి ఐపీ నంబర్లు పంచే పని) ఆఫ్ చేయండి, చివరగా వైరుని వ్యాన్‌లోంచి పీకి కంప్యూటర్లు పెట్టే మామూలు ల్యాన్ పోర్ట్‌లో పెట్టండి. ఈ వరసలోనే చేయండి, డీహెచ్‌సీపీ ముందు ఆపేస్తే రౌటర్ పేజీలోకి వెళ్లలేక రీసెట్ కొట్టుకోవాల్సొస్తుంది.

చెక్ ఏంటంటే, రెండు కంప్యూటర్ల ఐపీల్లో మొదటి మూడు ముక్కలూ ఒకటే ఉండాలి. ఒకటి 192.168.1 తో, ఇంకోటి 192.168.0 తో మొదలైతే ఇంకా రెండిళ్లే. గెస్ట్ వై-ఫైలో ఉన్నా కనబడవు, అది కావాలనే అలా కట్టింది.

7. వై-ఫై వైపు సర్దుబాట్లు

2.4కి, 5కి వేరే వేరే పేర్లు పెట్టండి, చూసే కంప్యూటర్‌ని 5కి కట్టి, 2.4ని దాంట్లో ఫర్గెట్ చేయించండి. వై-ఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ బ్యాండ్, లింక్ స్పీడ్ కనిపిస్తాయి. అక్కడ 72, 144 అని ఉంటే మీరింకా 2.4లోనే ఉన్నారు. 867 లేదా 1201 అని ఉంటే బాగున్నట్టు, చేతికి దాదాపు సగం వస్తుందనుకోండి. 5 గిగాహెర్ట్జ్‌లో చానెల్ వెడల్పు 80 పెట్టండి, చానెల్ 36 కానీ 149 కానీ పెట్టి ఏది నిలకడగా ఉందో చూడండి. 2.4 తప్పదంటే 1, 6, 11 చానెల్స్ తప్ప వేరేవి వద్దు.

రౌటర్‌ని స్టీలు బీరువా పక్కనుంచి, టీవీ వెనకనుంచి బయటికి తీయండి. ఫైబర్ వచ్చినాయన తనకి సులువైన చోట బిగించి వెళ్తాడు, అది మీ ఇంటికి సరైన చోటు అవ్వాలని రూలేం లేదు.

8. ఫైల్స్ చూపించడం

సులువైన దారి విండోస్ షేరింగ్. ఫైల్స్ ఉన్న కంప్యూటర్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్‌గా మార్చండి, పబ్లిక్‌లో ఉంటే ఎవరికీ కనబడదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, చదవడానికి మాత్రమే పర్మిషన్ ఇవ్వండి, పిల్లలు డిలీట్ చేయకుండా. అవతలి నుంచి లాగిన్ అడిగినప్పుడు మీరు రోజూ కొట్టే పిన్ పనిచేయదు, అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి. ఆ గొడవ ఎందుకంటే వీడియోల కోసమే ఒక లోకల్ అకౌంట్ చేసి దానికో పాస్‌వర్డ్ పెట్టుకోండి. అక్కడి నుంచి వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిస్తే ఆడుతుంది. పాత మీడియా ప్లేయర్ డబ్బా కోసం ఎస్ఎంబీ1 (విండోస్ షేరింగ్‌లో భద్రత లేని పాత రకం) ఆన్ చేయమని ఎవరైనా చెబితే చేయకండి, ఆ డబ్బానే మార్చండి.

పోస్టర్లతో, ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునేలా కావాలంటే జెల్లీఫిన్ అనే ప్రోగ్రామ్ ఉంది, ఫైల్స్ ఉన్న కంప్యూటర్‌లో పెట్టాలి, పూర్తిగా ఫ్రీ. బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ ఐపీ కొట్టి పక్కన కోలన్ 8096 ఇస్తే వస్తుంది. వీడియో ఆడుతుండగా దాని డాష్‌బోర్డ్ చూడండి. డైరెక్ట్ ప్లే అని ఉంటే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తోంది. ట్రాన్స్‌కోడ్ అని ఉంటే ఆ కంప్యూటర్ కూర్చుని వీడియోని తిరగరాస్తోంది, ఫ్యాన్ గోలపెడుతుంది, అప్పుడు ఆగితే తప్పు నెట్‌వర్క్‌ది కాదు. బొమ్మల రూపంలో ఉండే సబ్‌టైటిల్స్ ఆఫ్ చేసి చూడండి, బ్రౌజర్ బదులు దాని యాప్ వాడి చూడండి, ఈ రెండింటితో చాలామందికి సరిపోతుంది.

ఇక ఐపీ. కరెంటు పోయి వచ్చాక రౌటర్ కొత్త నంబర్ ఇవ్వొచ్చు, నిన్న పనిచేసింది ఇవాళ చేయట్లేదు అనేది ఎక్కువగా ఇందువల్లే. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ కింద ఆ కంప్యూటర్‌కి ఒక నంబర్ కట్టేయండి. రౌటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకుంటే ఇంకా మంచిది, వోల్టేజ్ అడాప్టర్ మీద ఉన్నదే ఉండాలి.

స్లీప్ ఆఫ్ చేయడం మర్చిపోకండి. సినిమా సగంలో టక్కున ఆగిందంటే పదికి ఎనిమిది సార్లు అదే, పైన ల్యాప్‌టాప్ నిద్రపోయింది. మూత వేసినా నిద్రపోకూడదని పవర్ ఆప్షన్స్‌లో వేరే పెట్టాలి.

9. ఆఖరి పరీక్ష

ఇంట్లో అందరూ ఉన్న సాయంత్రం చేయండి, మధ్యాహ్నం ఖాళీ ఇంట్లో కాదు. పిల్లలు ఫోన్లలో, ఒకరు వీడియో కాల్‌లో ఉండగా, వీడియోలో ఎక్కువ కదలిక ఉన్న పది నిమిషాలు ఆడించండి, మధ్యలో రెండు మూడు సార్లు ముందుకి దూకించండి. దూకిన ప్రతిసారీ ఒకటి రెండు సెకన్లలో అందుకుంటే చాలు. ఆగితే 3వ స్టెప్‌కి వెళ్లి మళ్లీ కొలవండి, ఒకేసారి రెండు మార్పులు చేయకండి, దేనివల్ల బాగుపడిందో తెలీదు.

అమెరికాలో ఉన్న అక్కకి కూడా ఇలాగే చూపించొచ్చా అని అడుగుతారు, అది వేరే కథ. దానికోసం యూట్యూబ్‌లో చూసి రౌటర్‌లో పోర్టులు తెరవకండి, ముఖ్యంగా విండోస్ షేరింగ్ వాడే 445. చాలా కనెక్షన్లలో మీకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి మీ ఇంటికి చేరే అడ్రస్) ఉండదు కాబట్టి తెరిచినా పనిచేయకపోవచ్చు కూడా. టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్ (వీపీఎన్) యాప్ పెట్టుకుంటే కుదురుతుంది, అక్కడ మాత్రం మీ ప్లాన్ అప్‌లోడ్ స్పీడు నిజంగా లెక్కలోకొస్తుంది, ఆ 47 ఎంబీపీఎస్ ఫైల్ బదులు 1080పి కాపీ పెట్టండి.